ఒక కృతి - పెక్కు రికార్డులు

హార్మోనియముపై మన సంగీత విద్వాంసులకు గల కోపము నేటిది కాదు. మెట్టు నొక్కినచో స్వరము పలుకును. వ్రేలు తీసినచో ఊరకుండును. నడుమ కంపితము లేదు, జారు లేదు, ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు ఒదిగి నడచు త్రోవ లేదు. గమకమే ప్రాణమని నమ్మిన సంగీతమునకు ఇట్టి వాద్యము పనికిరాదని వారి వాదము. ఈ వాదమును మన్నించియే 1940 మార్చి మొదలుకొని ఆనాటి ఆలిండియా రేడియో హార్మోనియమును తన గడప త్రొక్కనీయలేదు. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు.

అయినను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందలి పల్లెలు ఆ నిషేధమును లెక్కచేసినవి కావు. తిరునాళ్ల రాత్రులలో హార్మోనియము లేని నాటకమును మేమెరుగము. పాత్రధారికి పద్యము నేర్పువాడు హార్మోనిస్టే. రంగస్థలము మీద అతడు తడబడినప్పుడు అందించువాడును అతడే. శ్రుతి యిచ్చి, రాగమును వెంటనంటి, తెల్లవారి తెర దిగువరకు తిత్తి వదలని ఆ పెట్టెయే మా ప్రాంతపు చెవికి తెలిసిన మెట్ల వాద్యము. అందుచేత విద్వాంసుల వాదమును విన్నప్పుడెల్ల మాకొక సందేహము కలుగుచుండెను. మెట్టు మీది స్వరము కదలనిదే యగుచో, ఒకే పాటను ఇద్దరు వాయించినప్పుడు ఇద్దరిది ఒకే తీరుగా నుండవలెను గదా! అట్లుండదని పల్లెలోని పసివాడును ఎరుగును. ఫలానా హార్మోనిస్టు వచ్చినాడనగానే ప్రక్క యూళ్లనుండి బండ్లు కట్టుకొని వచ్చిన కాలము కలదు. మరి ఆ భేదమెక్కడ నున్నది?

ఈ ప్రశ్నను మన నాటకపు పద్యముతో తేల్చుట కష్టము. అచ్చట గాయకుని గొంతు, మెట్ల పలుకు పెనవేసికొని యుండును. గొంతు లేక, గమకము లేక, మెట్లకొఱకే వ్రాయబడిన కృతి యొకటి దొరకి, దానిని పెక్కుమంది వాయించిన రికార్డులు మన ముందుండినచో సంగతి తేటపడును. అట్టి కృతి ఐరోపాలో కలదు. జర్మనీ దేశపు బాఖ్ రచించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ అను దానిని గూర్చియే మేము చెప్పబోవునది. దీనిని దూరదేశపు వింతగా చూపుట మా యుద్దేశము కాదు. దాని నడుగుగా చేసికొని మరల మన అహోబలమునకే రావలసి యున్నది.

జొహాన్ సెబాస్టియన్ బాఖ్ 1685లో పుట్టి 1750లో గతించెను. ఈ కృతి 1741లో న్యూరెంబర్గు నగరమున అచ్చయినది. రెండు మెట్ల వరుసలు గల హార్ప్సికార్డు అను వాద్యమునకై వ్రాసినట్లు ముఖపత్రముననే యున్నది. మొదట 32 కొలతల పాట యొకటి. దాని వెనుక 30 రూపభేదములు. తుదకు మొదటి పాటయే అక్షరము మారక మరల వచ్చును. మన కృతులలోని సంగతుల వంటివే యివి యని చదువరులు తలపవచ్చును. కాని యొక తేడా కలదు. మన సంగతులలో పై పాట క్రమముగా పెరిగి విస్తరించును. ఇచ్చట పై పాట దాదాపు మాయమై, క్రింది మంద్రస్వరముల వరుస మాత్రము నిలుచును. గోడలు, కప్పులు, ద్వారబంధములు ముప్పది మారులు మార్చినను పునాది కదలించలేదన్నమాట. ప్రతి మూడవ రూపమునందును ఒక స్వరపంక్తిని మరియొక పంక్తి కొంచెము వెనుకగా అనుకరించుచు వెన్నాడును. ఆ వెన్నాడు పంక్తి మొదట అదే స్వరమున మొదలిడి, ఒక్కొక్క మారు ఒక్కొక్క మెట్టు ఎడమగుచు, 27వ రూపమునకు తొమ్మిదవ స్వరమును చేరును. ముప్పదవదానిలో మాత్రము బాఖ్ ఈ గణితమును చాలించి, ఆనాటి జానపద గీతములను రెంటిని మూటిని కలిపి అల్లి నవ్వులాడినాడు.

నిద్రపట్టని ఒక ప్రభువు కొఱకు, ఆయన కొలువులోని గోల్డ్‌బర్గు అను బాలుడు రాత్రులందు వాయించుటకై యిది పుట్టినదని, బాఖ్ జీవితచరిత్రను 1802లో ప్రకటించిన ఫోర్కెల్ వ్రాసినాడు. కథ రమ్యమే. కాని అచ్చుప్రతిలో ఆ ప్రభువు పేరును లేదు, ఆ బాలుని పేరును లేదు; 1741 నాటికి గోల్డ్‌బర్గునకు పదునాలుగేండ్లు. మన స్థలపురాణములకు అలవాటుపడిన వారికి ఇట్టి కథలు ఎట్లు పుట్టునో చెప్పనక్కరలేదు.

ఇక వ్రాతను గూర్చి. పాశ్చాత్యులు సంగీతమును పూర్తిగా వ్రాసికొందురు గనుక అచ్చట వాయించువానికి స్వాతంత్ర్యము లేదని మనలో చాలమంది అనుకొందురు. ఈ కృతిలో ప్రతి స్వరమును వ్రాయబడియే యున్నది, నిజము. కాని ఎంత వేగమున వాయించవలెనో చాలచోట్ల వ్రాయబడలేదు. ఎచ్చట గట్టిగా, ఎచ్చట మెల్లగా అన్నది దాదాపు లేదు. స్వరములను కలుపవలెనో విడగొట్టవలెనో లేదు. ప్రతి రూపమును రెండు సగములుగా నుండి, ఒక్కొక్క సగమును మరల వాయింపుడను గుర్తు మాత్రము కలదు. బాఖ్ సొంతముగా ఉంచుకొన్న అచ్చుప్రతి 1974లో ఫ్రాన్సు దేశమున బయటపడినది. దానిలో ఏడవ రూపముపై, అది జిగ్ అను చురుకైన నాట్యపు నడకలో సాగవలెనని ఆయన చేర్చిన మాట యుండెను. అంతకుమున్ను ఎందరో ఆ రూపమును తాపీగా, ఊయల యూగినట్లు వాయించిరి. అచ్చయిన 233 ఏండ్లకు గాని ఆ యొక్క మాట లోకమునకు తెలియలేదు. వ్రాత యెంత మౌనముగా నుండగలదో దీనివలన తెలియుచున్నది.

ఈ మౌనమును ఎవరెవరు ఎట్లు పలికించిరో చూతము.

హార్ప్సికార్డు మీద ఈ కృతిని మొట్టమొదట రికార్డు చేసినది పోలండు దేశపు విదుషి వాండా లాండోవ్‌స్కా. అది 1933లో పారిసులో జరిగినది. అప్పటికి హార్ప్సికార్డు అనగా వస్తుప్రదర్శనశాలలోని పాత సామానని లోకుల తలంపు. ఆమె వాద్యము పాతకాలపుది కాదు. ప్లేయెల్ కంపెనీవారు పియానోకు వలె ఇనుప చట్రము వేసి ఆమె కొఱకు చేసినది. నేటి హార్ప్సికార్డు నిర్మాతలు దానిని మెచ్చరు. మెచ్చకపోవుటకు హేతువులును కలవు. దాని నాదము బరువు. కొన్నిచోట్ల గుడి గంట వలె మ్రోగును. కాని ఆమె వాయింపును విన్నవారికి ఈ తర్కమంతయు వెనుకబడును. ప్రతి రూపమును రాణివాసపు స్త్రీ సభలోనికి వచ్చినట్లు నిదానముగా, నిండుగా వచ్చును. ఆ కాలపు రికార్డు ఒక్కొక్క ప్రక్క నాలుగు నిమిషములకు మించి పట్టదు. కనుక వినువారు లేచి రికార్డును త్రిప్పుచు వినవలసినదే. 1940లో నాజీ సేనలు ఫ్రాన్సును ఆక్రమించినప్పుడు ఆమె ఇల్లు విడిచి పారిపోయెను. ఆమె గ్రంథములు, వాద్యములు దోపిడి యయ్యెను. అమెరికా చేరి 1945లో ఆమె ఈ కృతినే మరల రికార్డు చేసెను.

పదేండ్లు గడచినవి. 1955 జూనులో న్యూయార్కునందు, పూర్వము చర్చిగా నుండిన ఒక రికార్డింగుశాలలో, కెనడా దేశపు యువకుడు గ్లెన్ గూల్డ్ పియానో ముందు కూర్చుండెను. వయస్సు 22 ఏండ్లు. తండ్రి చేసి యిచ్చిన పొట్టి కుర్చీ మీద, మెట్లకు గడ్డము తగులునంత క్రిందుగా కూర్చుండుట అతని యలవాటు. మరల వాయించుమన్న గుర్తులను అతడు పాటింపలేదు. కృతి యంతయు 38 నిమిషములలో ముగిసినది. పియానోకు మెట్ల వరుస ఒకటే గనుక, రెండు వరుసలకై వ్రాసిన రూపములలో రెండు చేతులును ఒకదాని మీద ఒకటి యెక్కును. ఆ చిక్కులలో పడియు అతని స్వరములు ఆవగింజలు చల్లినట్లు దేనికది విడివిడిగా రాలును. ఇంత వేగమునను క్రింది పంక్తి పై పంక్తిలో కలిసిపోదు. అది వేళ్ల గారడి కాదు, మూడు మాటలను ఒక్కసారి స్పష్టముగా వినగల మనస్సు యొక్క శక్తి. 1956 జనవరిలో ఈ రికార్డు వెలువడినది మొదలు బాఖ్ పండితుల సొత్తన్న మాట పోయినది.

మేము దీనిని మెచ్చుకొన్నంతగా ప్రేమింపలేము. యౌవనమునకు సహజమైన తొందర దానిలో కలదు. కొన్ని రూపములు తలుపు తెరచి చూచునంతలో వెళ్లిపోవును.

ఈ తొందరకు మందు రోజలిన్ ట్యూరెక్ వాయింపు. ఈమె గూల్డు కంటె దాదాపు ఇరువదేండ్లు పెద్ద. తనపై ఆమె ప్రభావము కలదని గూల్డే యొప్పుకొన్నాడు. 1957లో ఆమె పియానో మీద చేసిన రికార్డు, గుర్తులన్నిటిని పాటించుచు, గంటన్నరకు మించి సాగును. అనగా 1955 నాటి గూల్డు రికార్డునకు రెండింతలకంటె ఎక్కువ! ఒకే స్వరములు, ఒకే కొలతలు, మెట్లు కదలని అదే జాతి వాద్యము. మొదటి మారు వాయించిన సగమును ఆమె రెండవ మారు అదే రీతిని వాయింపదు. మొదట పై పంక్తిని వినిపించి, తరువాత అదే చోట క్రింది పంక్తిని పైకి తెచ్చును. వెన్నాడు పంక్తుల రూపములలో ఈ పద్ధతి యిచ్చు ఆనందము మరియెవరి వాయింపులోను మాకు దొరకలేదు. అయితే ఒక్క బిగిని ఆసాంతము వినుట మాత్రము ఉపవాసముండి గిరి ప్రదక్షిణము చేయుట వంటిదని చెప్పక తప్పదు.

నెదర్లాండ్సు వాడైన గుస్తావ్ లియొన్‌హార్ట్ మూడు మారులు ఈ కృతిని హార్ప్సికార్డు మీద రికార్డు చేసెను. ఈతని మార్గము మా ప్రశ్నకు మిక్కిలి దగ్గరిది. పియానోలో మెట్టును గట్టిగా కొట్టిన గట్టిగా పలుకును. హార్ప్సికార్డులో ఎంత గట్టిగా నొక్కినను తీగను మీటునది ఒక్క తీరుననే మీటును; ధ్వని హెచ్చదు, తగ్గదు. గమకమునకు తోడు బలాబలములును పోయినవన్నమాట. ఇక మిగిలినదేమి? కాలము మాత్రమే. ముఖ్యమైన స్వరమునకు ముందు రెప్పపాటు ఆగును. ఆ ఆగుట వలన వచ్చిన స్వరము బరువైనదిగా తోచును. ఒక స్వరమును కొంచెము ముందుగా విడిచి తరువాతి దానికి చోటిచ్చును. మన హార్మోనిస్టులలో పేరెక్కినవారు చేయునదియు ఇదియే. పద్యపు మొదటి మాటకు ముందు తిత్తిని క్షణము బిగబట్టి విడుచు ఆ విద్యను వారు ఏ గ్రంథమునను చదువలేదు.

1981లో గూల్డ్ అదే నగరమున, అదే శాలలో, అదే కృతిని మరల రికార్డు చేసెను. 1964లోనే అతడు సభలలో వాయించుట మానివేసి రికార్డింగుశాలనే తన సభగా చేసికొన్నవాడు. ఒకసారి రికార్డు చేసిన కృతిని మరల ముట్టుట అతని స్వభావము కాదు. ఈసారి 51 నిమిషములు పట్టినవి. 1955లో రెండు నిమిషములైనను పట్టని మొదటి పాట ఇప్పుడు మూడు నిమిషములు దాటినది. కొన్ని రూపములలో మొదటి సగమును మరల వాయించినాడు. ముఖ్యమైన మార్పు వేగము తగ్గుట కాదు. ముప్పది రూపములకును అడుగున ఒకే నాడి కొట్టుకొనుచుండవలెనని అతని ప్రయత్నము. ఒక రూపపు లయ సగమై, లేక రెట్టింపై, తరువాతి దానికి లయ యగును. మన తాళములలో కాలములు మార్చుట నెరిగినవారికి ఇది సులభముగా బోధపడును.

ఇచ్చట ఒక చిత్రము కలదు. 25వ రూపము కృతి యంతటికి దుఃఖస్థానము. మూడు మంద్ర ఛాయా రూపములలో కడపటిది. వృద్ధుడైన గూల్డు మెల్లగా వాయించె ననియు, యువకుడైన గూల్డు వేగముగా వాయించె ననియు చెప్పుకొనువారు ఈ రూపమును చూడవలెను. ఇందు 1955 నాటిదే కొంచెము దీర్ఘము! ఆ యౌవనపు వాయింపులోని విలాపమును పెద్దవాడైన తరువాత అతడే మెచ్చలేదు. దుఃఖమును పొడిగించినంత మాత్రాన దుఃఖము లోతుకాదని గ్రహించినట్లున్నాడు. 1981 నాటి 25వ రూపములో ఏడ్పు లేదు. ఏడ్చి లేచిన తరువాతి నిబ్బరము కలదు. ఈ యొక్క రూపమునకై మేము రెండవ రికార్డును మొదటిదానికంటె పైన నిలుపుదుము. అది 1982 సెప్టెంబరులో వెలువడినది. అక్టోబరు 4వ తేదీన గూల్డు మరణించెను. వయస్సు 50 ఏండ్లు.

కావున మెట్టు కదలకున్నను వాయించువాడు చేయగల పని యింత కలదు. వేగము, విరామము, కలుపుట, విడగొట్టుట, ఏ పంక్తిని ముందు నిలుపుట, దేనిని మరల చెప్పుట. హార్మోనియమును తిట్టువారు గమకము లేదని తిట్టుట న్యాయమే. దానివలన ప్రజ్ఞకు తావు లేదనుట న్యాయము కాదు.

కాని ఈ రికార్డులను వరుసగా వినినప్పుడు మరియొక సంగతి మాకు తట్టినది. 1955 నాటి గూల్డు రికార్డు వచ్చిన పిమ్మట చాలమందికి బాఖ్ అనగా అదియే యయ్యెను. ఆ వేగము, ఆ పొడి పలుకు, మరల వాయింపకుండుట - ఇవి బాఖ్ వ్రాసినవి కావు. అయినను శ్రోతల చెవులలో వ్రాతకంటె గట్టిగా పాతుకొనిపోయెను. వ్రాసిన పత్రము నూరు త్రోవలను తెరచి యుంచినది. వెయ్యి మారులు విన్న రికార్డు తొంబదితొమ్మిది త్రోవలను మూసినది. ఆ శాసనమును చెల్లదని మరల కొట్టివేయుటకు దానిని పుట్టించిన వాడే దిగిరావలసివచ్చెను.

మన యిండ్లలోను ఇదియే జరిగినది. రంగస్థల పద్యమునకు రాగమే పరమావధియై, అర్థము మరుగున పడుచున్న దినములలో బళ్లారి రాఘవ వంటి నటులు ఆ పోకడను ఎదిరించిరి. అటు తరువాత ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922-1974) రాగపు తోకను కత్తిరించి, మాటను ముందు నిలిపి, పద్యము పాడు తీరునే మార్చిరి. అది గొప్ప సంస్కారము. కాని నేడు పల్లెలో పద్యమెత్తు కుర్రవాడు ఆయన భావమును కాక, ఆయన రికార్డులోని ఊపిరిని అనుకరించుచున్నాడు. ఆయన ఎచ్చట ఆగెనో అచ్చట ఆగుట, ఎచ్చట గొంతు వణికెనో అచ్చట వణికించుట! అనుకరింపబడిన వాని సంస్కారము అనుకరించువానికి సంకెల యయ్యెను.

ఇప్పుడు అహోబలమునకు వత్తము. ఆళ్లగడ్డ మండలములోని ఈ క్షేత్రమునకు తాళ్లపాక అన్నమాచార్యులతో (1408-1503) గల సంబంధము జగద్విదితము. శఠకోప యతి సన్నిధిని ఆయన వేదాంతము నభ్యసించినది ఇచ్చటనే. ఆయన సంకీర్తనములు రాగిరేకుల మీద చెక్కబడి తిరుమల భాండారములో నిలిచినవి. ఆ రేకులలో సాహిత్యము కలదు, పైన రాగము పేరు కలదు. స్వరము లేదు. బాఖ్ అచ్చుప్రతి సగము మౌనము వహించినచో ఈ రేకులు ముప్పాతిక మౌనము వహించినవి. ఇరువదవ శతాబ్దిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు మొదలైనవారు వానికి స్వరములు కూర్చినందుననే నేడు మనము వానిని పాడుకొనుచున్నాము. ఆ ఋణము తీరునది కాదు.

వానిలో ‘నానాటి బ్రదుకు’ అను సంకీర్తనమును చూడుడు. రాగిరేకు మీద నున్న రాగము ముఖారి. నేదునూరివారు కూర్చినది రేవతిలో. శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు ఆ రేవతి వరుసలో పాడిన రికార్డు దేశమంతటను మ్రోగినది. ముఖారి శోకమునకు పేరుపొందినది. రేవతి వినగానే వేదపఠనపు ఛాయ తోచును. దానిలో శోకము లేదు, వైరాగ్యము కలదు. బ్రదుకు నాటకమని తెలిసికొన్నవాడు దానికై విలపించునా, దానిని దాటి నిలుచునా? గూల్డు 25వ రూపమును రెండు మారులు వాయించుటలో వచ్చిన ప్రశ్నయే యిది. రేవతిని ఎన్నుకొనుటలో నేదునూరివారు ఆ పాటపై ఒక వ్యాఖ్యానమును వ్రాసిరని మా యభిప్రాయము. ఆ వ్యాఖ్యానము మాకు సమ్మతమే. సుబ్బులక్ష్మిగారు దానిని తొందరపడక, అలంకరింపక, పల్లవిని ప్రతి మారును క్రొత్తగా తలచుకొన్నట్లు పాడుట మరింత సమ్మతము.

కాని కొన్నేండ్ల క్రిందట నంద్యాలలో జరిగిన యొక బాలబాలికల గానపు పోటీలో మేము చూచినది వేరు. ఒక బాలిక ఈ సంకీర్తనమును ముఖారిలో పాడెను. గొంతు లేతది, రెండుచోట్ల శ్రుతి జారినది. దానికై మార్కులు తగ్గించినచో మేము నోరెత్తము. న్యాయనిర్ణేతలలో ఒకరు “రాగము తప్పు, ఇది రేవతి పాట” యని తీర్పు చెప్పిరి. రాగిరేకు మీది రాగము తప్పట! ఆ బిడ్డ ఆ పాఠము నెవరివద్ద నేర్చెనో కాని, తల వంచుకొని వేదిక దిగిపోయెను. ఆ తరువాత వచ్చిన నలుగురును రేవతిలోనే పాడిరి. నలుగురును ఒకేచోట ఊపిరి తీసిరి. వారందరు విన్న రికార్డు ఒకటే గాబోలు. వారికి బహుమతులు వచ్చినవి.

ఇందులో నొక తిరకాసును చెప్పవలెను. ఆ బాలిక పాడిన ముఖారియైనను అన్నమాచార్యుల ముఖారి యని చెప్పుటకు వీలులేదు. 1550లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలో ముఖారి మేళమున కున్నవన్నియు శుద్ధస్వరములు. నేటి ముఖారి ఖరహరప్రియ జన్యము. దాని రిషభము చతుశ్శ్రుతి. పేరు నిలిచి రాగము మారినది. నేటి రేవతిలోని రిషభము శుద్ధము గనుక, ఆ యొక్క స్వరము మట్టుకు, రేకును విడిచిన రేవతియే పాత ముఖారికి దగ్గరనవచ్చును! కావున రేకు పేరు చెప్పి రేవతిని వెలివేయువారి వాదమును నిలువదు. రికార్డు పేరు చెప్పి ముఖారిని వెలివేయువారి వాదమును నిలువదు.

అట్లైనచో ఎవరి యిచ్చవచ్చినట్లు వారు పాడవచ్చునా, సంప్రదాయమేమి కావలెనని పెద్దలు అడుగుదురు. ఈ ప్రశ్నకు ఆళ్లగడ్డలో రాయి చెక్కు శిల్పులు ఏనాడో సమాధానము చెప్పియున్నారు. వారికిని తాళమే ప్రమాణము. ముఖము యొక్క పొడవును తాళమని, ఇన్ని తాళములకు ఇంత విగ్రహమని లెక్క. ఆ లెక్కను తప్పినవాని విగ్రహము గుడికెక్కదు. లెక్కలో నిలిచియే ఒక శిల్పి నరసింహుని కంటిలో కోపమును నిలుపును, మరియొకడు అదే కంటిలో ప్రహ్లాదునిపై కరుణను నిలుపును. కొండమీది నవనారసింహులను చూచినవారికి ఇది వింత కాదు. జ్వాలా నరసింహుడు హిరణ్యకశిపుని చీల్చుచుండును. మాలోలుడు లక్ష్మిని తొడపై నిడికొని యుండును. యోగానందుడు యోగపట్టముతో కూర్చుండును. ఛత్రవటమున నున్నవాడు హాహాహూహూలను గంధర్వుల పాట వినుచు ఎడమచేత తాళము వేయుచున్నాడని చెప్పుదురు. దేవుడొక్కడే. జ్వాలా నరసింహుని చూచి వచ్చినవాడు ఛత్రవటములో నున్నది నరసింహుడు కాడనునా?

స్వాతంత్ర్యమంతయు మంచిదని మేము చెప్పుట లేదు. అన్నమాచార్యుల మాటల మీద విద్యుద్వాద్యముల హోరు కురిపించి, పల్లవిలో రెండు మాటలు తప్ప వినబడకుండ చేసిన క్యాసెట్లను మేము విన్నాము. అవి వ్యాఖ్యానములు కావు, కప్పిపుచ్చుటలు. గూల్డు ఎంత వేగముగా వాయించినను క్రింది పంక్తిని చెడగొట్టలేదు. సాహిత్యము వినబడవలెను, భావము నిలువవలెను, పాడువాడు తానట్లు పాడుటకు హేతువు చెప్పగలిగి యుండవలెను. ఆ పైన అతని రాగమును అతనికి విడుచుటయే న్యాయము.

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడినది. క్రొత్త జిల్లాకు క్రొత్త పోటీలు, క్రొత్త బహుమతులు వచ్చును. వానిని నడపువారికి మాదొక విన్నపము. న్యాయనిర్ణేతల బల్లమీద ప్రతి సంకీర్తనమునకును రేకు మీది రాగము, నేడు వాడుకలో నున్న వరుసల పేర్లు, వానిని కూర్చినవారి పేర్లు వ్రాసి యుంచుడు. పాఠశాలలలో సంగీతము చెప్పువారు ఒకే పాటకు ఒక్క రికార్డును వినిపింపక, రెండింటినైన వినిపింపుడు. వినిపించి, తేడా యేమని పిల్లలనే యడుగుడు. నేడు చేతిలోని ఫోనులోనే అన్నియు దొరకుచున్నవి గనుక దీనికి ఖర్చును లేదు. బాఖ్‌ను వినదలచినవారు కృతినంతటిని ఒక్కనాడే మీద వేసికొననక్కరలేదు. మొదటి పాటను, 25వ రూపమును మాత్రము తీసికొని, గూల్డు రెండు మారులు వాయించిన తీరును ఒకదాని వెంట నొకటి, ఆ పిమ్మట ట్యూరెక్‌ను, లియొన్‌హార్ట్‌ను వినుట చాలును. ముప్పావుగంట పని. అటుతరువాత ‘నానాటి బ్రదుకు’ను రేవతిలో నొకమారు వినుడు, ముఖారిలో పాడగలవారెవరైన ఇరుగుపొరుగున నున్నచో పిలిచి పాడించుకొనుడు.